టేకుబల్ల మీద దండయాత్ర

బళ్ళారి బజారులో బట్టల వర్తకుడైన వీరేష్, పాలిష్ మేస్త్రీని సాగనంపి, భార్య పంకజాక్షి పరీక్షల చదువు కోసం చేయించిన టేకుబల్ల మీద స్వయంగా దండెత్తాడు. ఆమె సాయంత్రం బస్సుకు పుట్టింటి నుంచి వస్తోంది. అప్పటికి బల్లను తన చేతిపనిగా చూపించాలన్నది ఆ మహావీరుడి ఏకైక కాంక్ష. చెక్కను నునుపు చేసే గరుకు ఉప్పుకాగితంతో అడ్డంగా, గుండ్రంగా, శౌర్యం కొద్దీ రుద్దాడు. రంగు పూయగానే గీతలన్నీ నల్లగా తేలాయి.

మేడమీద అద్దెకుండే సౌభాగ్యకు జీన్స్ యూనిట్‌లో పని. కొత్త ప్యాంట్ల మోకాళ్ళను ఇదే కాగితంతో రుద్ది వెలిసిపోయేలా చేస్తుంది. మెట్లు దిగుతూ ఆగింది.

“ఏంది వీరేషప్పా, బల్లను బెత్తంతో కొట్టినావా? చెక్కలో పోగు యాటికి పోతాదో చెయ్యీ ఆటికే పోవల్ల.”

“నూలుపోగులు అమ్ముకుని బతికేవాణ్ణి, నాకే తెలీలేదు సూడక్కా,” అన్నాడు వీరేష్ దిగులుగా.

ఆమె పక్కనే కూర్చుంది. ఇద్దరూ పోగు వెంబడి రుద్ది, గీతలు పోయాక మళ్ళీ రంగు పూశారు. అది ఆరేసరికి సాయంత్రమైంది.

పంకజాక్షి వచ్చి బల్లను నిమిరింది. “శానా నున్నగా ఉండాది. మీరే చేసినారా?”

పొద్దుటినుంచి సిద్ధం చేసుకున్న విజయోపన్యాసాన్ని వీరేష్ మింగేశాడు. “నేను చెడగొట్టినా. సౌభాగ్యక్క బాగుచేసింది,” అని, అక్కకు కాఫీ కలపడానికి తానే వంటింట్లోకి నడిచాడు.