దూరంగా ఒక మనిషి

"ఇంక జర వెనక్కి పో, అంజిగా. ఇంకా పో!"

అంజిలయ్య వెనక్కి నడిచాడు. కాగ్నా ఏటి ఒడ్డున పొగమంచు నడుముదాకా ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. నీలం ప్లాస్టిక్ చెప్పులు ఫొటోలో బాగుండవని స్నేహితుడు మహిధర్ విప్పించాడు. భుజాన తాతనాటి గొంగడి. దాన్ని తెమ్మన్నదీ మహిధరే.

ఇద్దరూ యాలాల్ బడిలో ఒకే బెంచీ. పటేళ్లింటి మహిధర్ తాండూరులో స్టూడియో పెడితే, గొర్లమ్ముకున్న ఇంటి అంజిలయ్య అందులో లైటు పట్టడానికి చేరాడు. ఇరవై రెండేళ్లు పట్టాడు. పెళ్లికూతురి బుగ్గ మీద నీడ పడకుండా చెయ్యెత్తి నిలబడాలి. మహిధర్ "అయింది" అనేదాకా కదలకూడదు, దగ్గొచ్చినా మింగాలి. ఆ మాట వినకముందే అంజిలయ్య కదిలిన పెళ్లి ఒక్కటీ లేదు. అతనున్న ఆల్బమూ ఒక్కటీ లేదు.

కొన్నాళ్లుగా గుండెలో నొప్పి. భార్య జంగమ్మకు చెప్పలేదు. ఒక కోరిక మాత్రం పట్టుకుంది. తన ముఖం నిండుగా కనిపించే ఫొటో ఒకటి కావాలి, రేపు గోడకు తగిలించడానికి. అన్న మత్తయ్య పోయినప్పుడు ఆధార్ కార్డు మీది ముఖాన్నే పెద్దది చేసి దండేశారు. ఆ దొంగముఖం తనకొద్దు. తెల్లవారుజామున ఒక కవరు పట్టుకుని కారెక్కగానే అడిగేశాడు.

"మహీ, ఇయ్యాల నాదొక ఫొటో తియ్యిరా. మొకం మంచిగ పడాలె."

"ముందుగాల మంచుల తీసుకోనియ్యి. ఎండొచ్చినంక నీ మొకం తీస్త."

మహిధర్‌కు ఈ మధ్య ఫొటో పోటీల పిచ్చి పట్టింది. ఉత్త మంచు తీస్తే బహుమతి రాదట. దూరంగా ఒక మనిషి ఉండాలి, చిన్నగా, ఎవరో తెలియకుండా. ఆ పనికి అంజిలయ్యను మించినవాడు ఎక్కడ దొరుకుతాడు?

నాలుగోసారి నడిచేసరికి ఎడమ చెయ్యి బరువెక్కింది.

"మహీ, గుండెల జర పట్టేసినట్టున్నది."

"పది నిమిషాలు ఓపిక పట్టురా. గా బండ మీద కూసో. ఏటి దిక్కు మొకం పెట్టు. గట్లనే ఉండు!"

కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట పట్టింది. భయమేసింది. లేచి అరవాలనిపించింది. కానీ ఫొటో చెడిపోతే మహీకి కోపమొస్తుంది, కోపమొస్తే తన ముఖం తియ్యడు. పళ్లు బిగబట్టి, "అయింది" అన్న మాట కోసం చెవులు అటే పెట్టాడు. కాసేపటికి తల ఒక పక్కకు వాలింది.

"వాహ్! మస్తున్నది రా!" అని అరిచాడు మహిధర్.

అంజిలయ్య కదలకపోవడం ఇరవై రెండేళ్లుగా చూస్తున్నదే, అనుమానమెందుకొస్తుంది? మంచు విడిపోయేదాకా, మరో నలభై నిమిషాలు తీశాడు. ఎండ పడ్డాక తీరిగ్గా "అయింది" అన్నాడు. అంజిలయ్య లేవలేదు.

పదోనాటికి జంగమ్మ స్టూడియోకు వచ్చింది.

"ఆఖరి దినం నీతోనే ఉండె గద, పటేలా. ఒక్క ఫొటో ఇయ్యి. దండేసుకుంట."

మహిధర్ కంప్యూటర్‌లో మూడువందల ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పాడు. ఆమె కళ్లు చికిలించి అన్నీ ఓపిగ్గా చూసింది.

"మంచిగున్నయి. ఇందుల మావోడేడి?"

మహిధర్ కంప్యూటర్ ఆపేశాడు. ఆమె ఆధార్ కార్డు తెస్తానని చెప్పి వెళ్లిపోయింది.

సాయంత్రం మహిధర్ కారు కడుగుతుంటే వెనకసీటు కింద బట్టల షాపు కవరొకటి దొరికింది. అందులో మడత విప్పని తెల్లచొక్కా, ఒక చిన్న దువ్వెన, కాగితంలో పొట్లం కట్టిన కొంచెం పౌడరు.