కిటికీలో మోచేయి దాకా

పెద్దదాన్ని బడికి పంపాక ఆమె వంటింటి బల్ల మీదే కంప్యూటర్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టేది. ఎక్స్‌రేలు చూపించే ప్రోగ్రామ్ నడిచేది ఊరికి ఆ చివరనున్న ఆసుపత్రి మిషన్‌లో. దాని కిటికీ మాత్రం ఇక్కడ, ఆమె తెర మీద తెరుచుకునేది. దారి పొడుగునా ఎన్‌క్రిప్షన్ తాళం. మధ్యలో ఎవరైనా తొంగిచూసినా పిచ్చిగీతలు తప్ప ఏమీ కనిపించవు.

కిటికీ తెరుచుకోగానే ఆసుపత్రి గదిలోని చల్లగాలి వంటింట్లోకి వచ్చేది. చెయ్యి పెడితే అవతల తన బల్ల తగిలేది. ఎక్స్‌రేలు చూసి రాసిన రిపోర్టుల మీద సంతకాలు అలాగే పెట్టేది. జలుబు చేసి చిన్నది ఇంట్లో ఉంటే అటునుంచి నర్సమ్మ బిస్కెట్ అందించేది. నర్సమ్మ చేతులు కడుక్కుందో లేదో కనుక్కున్నాకే ఈమె తిననిచ్చేది.

కొత్త మేనేజరుకి ఆలస్యం గిట్టదు. తాళం వల్ల ఎక్స్‌రే బొమ్మలు నిదానంగా వస్తున్నాయనీ, ఇళ్ల నుంచి పనిచేసే తొమ్మిదిమందీ దాన్ని తీసేసి తెరలు బార్లా తెరిచిపెట్టాలనీ ఉత్తర్వు వేశాడు. ఎనిమిదిమంది తీశారు. మూడో రోజు, వాళ్లలో రెండో షిఫ్టు చేసే ఆయన ఇంట్లో, ఎవరిదో ముక్కూమొహం తెలియని చెయ్యి తెరలోంచి వచ్చి, లెక్కలు చేసుకుంటున్న ఆయన కూతురి జడ సవరించి వెళ్లింది. ఏం చెయ్యలేదులే అని ఆయన అందరికీ చెప్పుకున్నాడు గానీ, ఆ రోజు నుంచి కూతుర్ని తెర ఉన్న గదిలో కూర్చోనివ్వలేదు.

ఈమె తియ్యలేదు. మేనేజరు ఫోన్ చేశాడు.

"మీ ఒక్కరికే ఏమిటమ్మా ఈ చాదస్తం?"

"అటుపక్క రోగుల గుండెలున్నాయి సార్. ఇటుపక్క నా పిల్లలున్నారు. తియ్యను."

పన్నెండింటికి లైను కత్తిరిస్తామనీ, ఇక పనిలోకి రానక్కర్లేదనీ చెప్పి పెట్టేశాడు.

అయినవాళ్లెవరూ లేని ఊరు. ఈ పని పోతే ఇద్దరు పిల్లలతో మళ్లీ ఏ ఊరు వెతుక్కోవాలో తెలియదు. ఆమె చిన్నదాని నుదురు తాకి చూసి, పన్నెండుకి పావుగంట ముందు కుడిచెయ్యి మోచేయి దాకా కిటికీలో పెట్టి, అవతలి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. చెయ్యి లోపలుండగా లైను కత్తిరిస్తే ఏం తెగుతుందో అందరికీ తెలుసు.

"ఎంతసేపమ్మా?" అంది చిన్నది.

"వాళ్లకి బుద్ధొచ్చేదాకా."

ఆసుపత్రిలో లైన్లు చూసే పెద్దాయన అవతలి గదిలోకి వచ్చి చెయ్యి చూసి మేనేజరుకి ఫోన్ చెయ్యడం కిటికీలోంచి వినబడింది. చెయ్యి తియ్యమంటే తియ్యనంటోందని చెప్పాడు. అటునుంచి ఏదో కసిరినట్టున్నాడు.

"అయితే మీరే వచ్చి కత్తిరించండి సార్. నా వల్ల కాదు."

ఆ గదిలోకే తెరుచుకున్న మిగతా కిటికీల్లోనూ ఆ మాట వినబడింది. కాసేపటికి పక్కబల్ల మీదికి రెండో షిఫ్టు ఆయన చెయ్యి వచ్చింది. తర్వాత ఇంకొకటి. మేనేజరు మెట్లెక్కి వచ్చేసరికి తొమ్మిది బల్లల మీద తొమ్మిది చేతులు, అంచులు పట్టుకుని ఉన్నాయి.

"అందరూ మళ్లీ తాళాలేసుకునే వచ్చారు సార్," అన్నాడు పెద్దాయన.

మేనేజరు ఉత్తర్వు కాగితం చింపి, ముక్కలు ఆమె చేతి ముందు పడేశాడు. ఆమె వేళ్లతో తడిమి చూసి, వాటిని బల్ల కిందికి నెట్టేసింది. తాళాలు తియ్యక్కర్లేదనీ, ఎవరి పనీ పోదనీ రాసివ్వమన్నట్టు వేలితో బల్ల మీద కొట్టింది. మిగతా ఎనిమిది చేతులూ కొట్టడం మొదలుపెట్టాయి.

మేనేజరు కుర్చీ లాక్కుని కూర్చుని, పెన్ను మూత తీశాడు.