బొట్టు కింద మూడు

నేనొక ఆర్సీ పుస్తకాన్ని. బండి ఎవరిదో చెప్పడం నా పని. దారిలో పోలీసు చెయ్యెత్తితే డ్రైవరు గొంతు తడబడుతుందేమో గాని నా మాట తడబడదు. ఒక్కసారి మాత్రం తడబడింది. తప్పు నాది కాదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

రవాణా ఆఫీసులో పుట్టాను. నా మొదటి పేజీ రాసిన గుమస్తాకు తన దస్తూరీ అంటే మహా మురిపెం. బండి చట్రం మీద చెక్కే ఛాసిస్ నంబరులో ఆఖరి అంకె మూడు. దానికి రెండు పొట్టలు గుండ్రంగా చుట్టి, పక్క సీటాయనకు చూపించుకున్నాడు కూడా. నా బండి ఒక ట్రాలీ ఆటో. దాన్ని మొదట కొన్నది ఒక ఉప్పు వ్యాపారి. ఆయన దాన్ని సరంగు ఏడుకొండలుకు అమ్మినప్పుడు, పేరు మార్పు కోసం అదే ఆఫీసులో నెలన్నర పాటు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పాకాను. మనుషులు నన్ను నమ్మరు, నా మీద పడే ముద్రను నమ్ముతారు. పోనీలెండి, నాకు అలవాటే.

ఏడుకొండలు పడవ నడుపుకుంటూ చేపల వేటకు పోయే మనిషి. ఆటో నడిపింది ఆయన దగ్గర పనికి చేరిన నాంచారమ్మ. ఆరేళ్లు మా రేవు నుంచి రేపల్లె స్టేషనుకు చేపల పెట్టెలు తోలింది. క్లచ్ వైరు తెగితే తనే మార్చుకునేది. బండి ఆమె మాట వినేది, నేను మాత్రం ఏడుకొండలు పేరే చెప్పేదాన్ని. నాకే సిగ్గుగా ఉండేది.

ఆరేళ్లు నిండాక ఏడుకొండలు ఆటోను ఆమెకే అమ్మేశాడు. అదే సమయానికి రేవులో కొత్త పద్ధతి పెట్టారు, ఆర్సీ ఎవరి పేరున ఉంటే గేటు పాసు వాళ్లకేనని. పేరు మార్పుకు ఇప్పుడు ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు, కాగితాలన్నీ కంప్యూటరులోంచే పంపవచ్చు. అంత సులువైన పనిని ఇద్దరూ కలిసి ఆఖరి రోజుదాకా ఈడ్చారు. వేట నిషేధం ముగిసి, ఆ మధ్యాహ్నం పోటు మీద పడవలన్నీ బయల్దేరుతున్నాయి. అమ్మినవాడి ఫోనుకు వచ్చే ఓటీపీ చెబితేగాని దరఖాస్తు పూర్తి కాదు. పడవ మొగ దాటి సముద్రంలోకి పోతే పదిహేను రోజులు ఆ ఫోను మోగదు. ఈలోపు మొదటి చేపల లోడూ, గేటు పాసూ ఇంకొకరివైపోతాయి.

నెట్ సెంటరు జిలానీ నన్ను స్కానరు గాజు మీద బోర్లా పడుకోబెట్టాడు. వెలుగు ఒళ్లంతా పాకింది. తర్వాత ఆయన నాలోని ఛాసిస్ నంబరు చూసి కొట్టాడు. వివరాలు సరిపోలలేదంది కంప్యూటరు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే జవాబు.

"మూడోసారి తప్పయితే రేపటిదాకా మూసేస్తది నాంచారమ్మా. ఆఖరిది ఎనిమిదేగా?"

"ఎనిమిదేనన్నా. నాకూ అట్టానే కనపడతంది."

మూడు, మూడు అని నేను మొత్తుకున్నాను. కాగితం గొంతు ఎవరికి వినపడుతుంది?

అసలు సంగతి ఇది. ప్రతి దసరాకూ ఆయుధపూజనాడు నాంచారమ్మ స్టీరింగుకు, తాళంచెవికి బొట్టు పెట్టి, తర్వాత నన్ను తెరిచి నాకూ పెట్టేది. ఏటా ఆమె వేలు ఒక్కచోటే ఆగేది. ఆరేళ్ల పసుపు, కుంకుమ ఒకదాని మీద ఒకటి పేరుకుని, గుమస్తాగారి మూడును ఎడమవైపు మూసేశాయి. స్కానులో అది నల్లగా పడి నిఖార్సయిన ఎనిమిదయింది. అంత భక్తి నా మీద ఇంకెవరూ చూపలేదు, అంత ఇబ్బందీ ఇంకెవరూ పెట్టలేదు.

ఆమె నన్ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. గోరుతో తాకింది. గోరు ఎర్రబడింది.

"అన్నా, ఇది నేను పెట్టిన బొట్టు."

"గీకబాక. అంకె కూడా పోద్ది."

ఆమె పెన్సిలూ తెల్లకాగితమూ అడిగి తీసుకుని బయటికి నడిచింది. ఆటో పక్కన చతికిలబడి, ఇనుప చట్రం మీది గ్రీజు కొంగుతో తుడిచి, చెక్కి ఉన్న నంబరు మీద కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దింది. వెనకటి రోజుల్లో ఆఫీసువాళ్లు అచ్చు తీసే పద్ధతే అది. ఒక్కొక్క అంకే తెల్లగా తేలింది. చెంపకు గ్రీజుతో లోపలికి వచ్చింది.

"మూడన్నా."

"ఇంక ఒక్కసారే ఉంది. ఖాయమేనా?"

"ఇనుము మీద బొట్టు పెట్టలా నేను. కొట్టు."

కొట్టాడు. ఈసారి ఒప్పుకుంది. వెంటనే ఆమె ఏడుకొండలుకు ఫోను చేసింది. అవతల పడవ ఇంజను మోత.

"బాబాయ్, నంబరొచ్చిందా?"

"వచ్చిందమ్మా. రాసుకో. నాలుగు, సున్నా, తొమ్మిది, రెండు, ఒకటి. ఆఖరిది నా పేరులోదే..."

లైను తెగింది. మళ్లీ చేస్తే మోగలేదు. నాంచారమ్మ నవ్వి, "ఏడన్నా" అంది. జిలానీ ఏడు నొక్కాడు. దరఖాస్తు చేరిందని తెర మీద పచ్చని అక్షరాలు పడ్డాయి. ఆమె కుర్చీలో కూలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. గ్రీజు కళ్లదాకా పాకింది.

మొదటి పడవలు తిరిగొచ్చేలోపు కొత్త ఆర్సీ ఆమె ఫోనులోకి వచ్చింది. ఇక ఈ పుస్తకంతో పనిలేదన్నాడు జిలానీ. నేను ఆటోలో సీటు కింద పెట్టెలోకి చేరాను.

దసరా వచ్చింది. స్టీరింగుకు, తాళంచెవికి, ఈసారి ఫోనుకూ బొట్టు పెట్టింది. నన్ను మరిచిపోయిందనుకున్నాను. పెట్టె తెరిచింది. నాలో ఏడుకొండలు పేరు కింద ఒక గీత ఖాళీగా ఉంది. పెన్సిలు తీసి, ఆ గీత మీద కూడబలుక్కుంటూ రాసింది, కొక్కిలిగడ్డ నాంచారమ్మ అని. తర్వాత కుంకుమ వేలు అలవాటుగా మొదటి పేజీలోని అంకెల మీదికి వెళ్లి, ఆగి, అంచున బొట్టు పెట్టింది.

ఆ రాత చెల్లదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. బండి ఎవరిదని ఇప్పుడు నన్ను అడిగేవాళ్లు లేరు. అడిగితే మాత్రం నేను చెప్పే పేరు అదే.