గురువుగారి పుట్టుమచ్చ

"చుక్క ఏదండీ?" అంది టీచరమ్మ.

ఫోటో స్టూడియో బల్ల మీద గురుగ్రహం నున్నగా మెరుస్తోంది. చారలన్నీ ఉన్నాయి. నల్లచుక్క మాత్రం లేదు.

"తీసేశానమ్మా," అన్నాడు స్టూడియో ఆయన, మెచ్చుకోలు కోసం చూస్తూ. "రోజూ మొహాల మీద మచ్చలు తీసే చెయ్యి కదా, ఊరుకోదు. ఇప్పుడెంత శుభ్రంగా ఉందో చూడండి!"

అది మచ్చ కాదు. గ్రహం ముందు నుంచి దాని చంద్రుడొకడు దాటుతుంటే పడిన నీడ. మేడ మీద చేతిపొడవైనా లేని టెలిస్కోపు పెట్టుకుని, ఆమె తమ్ముడు దానికోసం మూడు నెలలు కాపు కాశాడు. మబ్బు పడితే మబ్బునీ, గాలి వీస్తే గాలినీ తిట్టిపోసేవాడు. చివరికి దొరికిన రెండు నిమిషాల వీడియోలోంచి చెదరని బొమ్మలు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఈ ఫోటో చేశాడు.

"అక్కా! మీ గురువుగారి బుగ్గన పుట్టుమచ్చ చూడు!" అని కేకేశాడు. అక్క పాఠాలు చెబుతుంది కాబట్టి ఆ గ్రహం ఆమె తరఫు చుట్టమని వాడి వేళాకోళం. నెల తిరక్కుండానే పోయాడు. రేపు ఈ ఫోటో ఆమె తరగతి గదిలో పెట్టాలి.

"నేనిచ్చిన ఫోటో ఇచ్చేయండి. ఇంకోచోట వేయించుకుంటాను."

ఆయన ఆమె ఇచ్చిన పెన్‌డ్రైవు కేసి చూసి నీళ్లు నమిలాడు. "పాతది చెరిగిపోయి దాని మీదే ఇది సేవ్ అయిపోయిందమ్మా."

కంప్యూటరులో చోటు చాలక వీడియోని తమ్ముడే చెరిపేశాడు. ఆ ఫోటోకి ఇంకో కాపీ కూడా ఎక్కడా లేదు.

"ఎవర్నడిగి తీశారు?" ఆమె గొంతు పెంచలేదు. ఆ గొంతు వింటే ఆఖరి బెంచీ కూడా కిక్కురుమనదు.

"చుక్కే కదమ్మా! చిటికెలో పెట్టేస్తా. ఎక్కడ పెట్టమంటారు?"

ఆమె వేలు ఫోటో దాకా వెళ్లి ఆగిపోయింది. పై చార మీదా? దాని కిందా? తమ్ముడు కేకేసి చూపించిన రోజు నోట్సులు దిద్దుకుంటూ, "బాగుందిరా" అనేసింది. తలెత్తి సరిగ్గా చూడనైనా లేదు.

సంచిలోంచి ఎర్రపెన్ను తీసింది. ఫోటో కింద తెల్ల అంచు మీద, కాగితం చిరిగేంత గట్టిగా రాసింది: "దీని మీద ఒక చంద్రుడి నీడ ఉండేది. తప్పులు రెండు. ఒకరు చెరిపేశారు. నేను చూడలేదు."

"అయ్యో, పాడైపోయిందమ్మా! ఇంకోటి తీసిస్తా..."

"ముట్టుకోకండి. దీన్నే ఫ్రేము కట్టండి," అంది. "ఈసారి శుభ్రం చెయ్యకుండా."