టేపక్క వద్దన్న కిటికీ

టేపక్క మెడలో టేపు లేకుండా వీధిలోకి వచ్చిన రోజు లేదు. స్నానానికి వెళ్లేటప్పుడు తలుపు గొళ్లేనికి తగిలించడం, బయటికి రాగానే మళ్లీ మెడలో వేసుకోవడం. ముప్ఫై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. అసలు పేరు ఆవిడకే సంతకం పెట్టేటప్పుడు తప్ప గుర్తురాదు. వీధికి టేపక్క, తమ్ముడి కూతుళ్లిద్దరికీ టేపత్త. మనిషి ఎదురుపడితే ముందు భుజాల కొలత చూస్తుంది, మొహం ఆ తర్వాత.

తల్లి పోయేనాటికి తమ్ముడికి ఏడేళ్లు, ఛాతీ ఇరవై రెండంగుళాలు. ఏడాది తిరక్కుండా తండ్రీ పోయాడు. అప్పట్నుంచి వాడి చొక్కాలన్నీ ఆవిడ కుట్టినవే, పెళ్లి చొక్కాతో సహా. వాడికి పెళ్లాం వచ్చింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, ఆవిడ మాత్రం కింద కిటికీ పక్క గదిలో, మిషన్ ముందు, ఉన్నచోటే ఉంది. తనకో పెళ్లి కావాల్సి ఉందన్న సంగతి ఆవిడ మర్చిపోయింది. గుర్తు చేయాల్సినవాళ్లు ఇంకా హాయిగా మర్చిపోయారు.

ఇల్లు పాతబడింది. పైకప్పు కారుతోంది, గోడలు చెమ్మ పట్టి పెచ్చులూడుతున్నాయి. మేస్త్రీ వచ్చి గోడ మీద వేలితో రెండు కొట్టి, ఇల్లు ఖాళీ చేస్తే ఆర్నెల్లలో కొత్తది చేసిస్తానన్నాడు. వేరే ఇంటికి పోదామంటే చిన్నపిల్ల బడి ఈ వీధి చివరే. టేపక్క గిరాకీ అంతా ఈ గుమ్మం దగ్గరే. పైగా మనిషి కాపలా లేకపోతే సిమెంటు బస్తాలకు కాళ్లొస్తాయి. కాబట్టి పెరట్లోనే ఏదో ఒకటి వేసుకుని ఉండాలన్నది తేలింది. ఆ ఏదో ఒకటి ఏమిటన్నదే మిగిలింది.

తమ్ముడు తయారుగా అమ్మే గదుల రంగు బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి అక్క ఒళ్లో పెట్టాడు.

"నువ్వే చూసి చెప్పక్కా. నీకేది నచ్చితే అదే తెప్పిద్దాం."

ఆ ఇంట్లో ఫ్రిజ్ కొన్నప్పుడు ఆవిడనెవరూ అడగలేదు. కొత్త ఇంటి ప్లాను గీయించినప్పుడూ అడగలేదు. తనే ఉండబట్టలేక "నా గది ఎటొస్తుందిరా?" అంటే, "అన్నీ చూసుకున్నాలే అక్కా" అన్నాడు. అలాంటిది ఇవాళ నీకేది నచ్చితే అదే అంటున్నాడు. చేతిలో ఉన్న చొక్కా పక్కన పడేసి, ఆ పూట ఆ పుస్తకమే చదువుకుంది.

మర్నాడు అక్కాతమ్ముళ్లు కలిసి ఆ గదులమ్మే చోటుకి వెళ్లారు. చక్రాల బండి గదిలోకి ఎక్కి టేపక్క ఎత్తు కొలిచింది. "దీన్లో నువ్వు ఆర్నెల్లూ వంగి దండాలు పెడుతూ తిరగాలిరా" అని దిగిపోయింది. రేకుల షెడ్డు గోడ మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. మధ్యాహ్నం పూట పిల్లలు అందులో ఉడికిపోతారు. చివరికి ఇనుప పెట్టె గది నచ్చింది. ఇరవై అడుగుల పొడవు, పది వెడల్పు, మధ్యలో చెక్క అడ్డు, మూలన స్నానాల గది. చిన్న భాగం మొగుడూపెళ్లాలకి. పెద్ద భాగంలో తనూ, పిల్లలూ, కుట్టుమిషనూ.

"ఆ చివరి గోడకి కూడా ఒక కిటికీ పెట్టిద్దాం అక్కా" అన్నాడు తమ్ముడు.

"ఆ గోడకి పిల్లల రెండంతస్తుల మంచం వేస్తున్నాం కదరా." టేపు సాగదీసింది. "మంచం ఆరడుగుల నాలుగంగుళాలు, స్నానాల గది పోగా గోడ ఆరున్నర. కిటికీ పెడితే మంచం నీ నెత్తిన వేసుకుంటావా?"

"గాలుండదు అక్కా. నీకు దగ్గొస్తుంది."

"ఆర్నెల్లకి కిటికీ ఎందుకురా?"

దుకాణం మనిషి కూడా అందుకున్నాడు. కావాలంటే ఇప్పుడే చెప్పండి, తర్వాతైతే రేకు కొయ్యాలి, అదో పెద్ద పని అన్నాడు. తమ్ముడు మూడోసారి అడిగాడు. టేపక్క మూడోసారీ వద్దంది. వీడికి నామీద ఇంత ప్రేమెప్పుడు పుట్టుకొచ్చిందా అని లోపల మురిసిపోయింది. వాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఉన్న ఒక్క కిటికీ ఇంటివైపు ఉండాలని కూడా తనే చెప్పింది. మిషన్ తొక్కుతూ పనివాళ్లని ఓ కంట కనిపెట్టొచ్చని.

గది రాకముందే మేస్త్రీ పెరట్లో నాలుగు గుంతలు తవ్వి కాంక్రీటు పోశాడు. పెట్టె ఒరిగిపోకుండా కాబోలనుకుంది టేపక్క. గుడ్డ సంగతి అడిగితే పోగు పోగూ చెప్తుంది గానీ కాంక్రీటు గురించి ఆవిడకేం తెలుసు?

అయిదుగురూ ఆ పెట్టెలో పడ్డారు. ఒకరు పక్కకి తిరిగితే ఇంకొకరు లేచి కూర్చోవాల్సిందే. వానొస్తే పైన రేకు మోతకి ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. పెద్దపిల్ల పుస్తకాలు మిషన్ మీద, చిన్నదాని మేజోళ్లు తాళ్ల మీద, అందరి పళ్లలోనూ సిమెంటు దుమ్ము. చెక్క అడ్డు అవతల మొగుడూపెళ్లాలు గుసగుసలాడుకునేవాళ్లు. టేపక్క దగ్గితే గుసగుస ఆగిపోయేది. మొగుడూపెళ్లాల మాటలు, మనకెందుకని ఆవిడ అటు తిరిగి పడుకునేది.

అయినా, నిజం చెప్పాలంటే, ఆవిడ జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. తెల్లారి కళ్లు తెరిస్తే పై మంచం మీంచి చిన్నదాని కాలు వేలాడుతూ కనిపించేది. మరదలు మంచిదే గానీ మంచితనాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకునే రకం. ఆ నెలల్లో తాళం ఎక్కడ పోయిందో, మొదటి కప్పు టీ వదినకే ఇచ్చేది. "మీరు కూర్చోండి వదినా, నేను చేస్తాగా" అనేది. ఇరుకులోనే మనుషులు దగ్గరవుతారని టేపక్క వచ్చిన గిరాకీకల్లా చెప్పింది.

ఇంట్లోకి మాత్రం వెళ్లనిచ్చేవాళ్లు కాదు. "దుమ్ము నీకు పడదక్కా, పూర్తయ్యాక చూద్దువుగాని" అనేవాడు తమ్ముడు. నిజమే, దుమ్ము పడదు.

అయిదో నెలలో స్నానాల గదిలో నీళ్లు నిలిచిపోయాయి. పైపుల పనివాణ్ణి పిలిచారు. ఆ పూట గదిలో టేపక్క ఒక్కతే ఉంది. అతను గది వెనక తవ్వడం మొదలెట్టాడు. అడుగు తవ్వాడు, రెండడుగులు తవ్వాడు, మోకాళ్లు దాటాక పార ఆపి చెమట తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇంత లోతున పైపు ఎవరు వేయించారు?"

"మా తమ్ముడే. ఏం బాబూ, తప్పా?"

"తప్పేం కాదు. మంచి పని. తీసేసే గదికైతే పైపు పైపైనే పరుస్తాం, పోయేటప్పుడు ఊడదీసుకుపోతాం. ఇది ఇంటికి వేసినట్టు వేశారు. కరెంటు తీగ కూడా మట్టిలోంచే తెచ్చారు చూశారా?" వంగి గది కిందకి చూపించాడు. "తీసేసే గదిని ఇటుకల మీద నిలబెడతాం. దీన్ని కాంక్రీటులో ఇనుప పలకలు పాతి వాటికి అతికేశారు. మీరు నిశ్చింతగా ఉండండమ్మా. మీ తర్వాత కూడా ఇది కదలదు."

భరోసా ఇచ్చాననుకుని అతను మళ్లీ పార అందుకున్నాడు.

పైపు బాగయ్యాక, నీళ్లు పోసి చూసుకోండమ్మా అని అతనంటే టేపక్క పోసి చూసింది. అతను వెళ్లాక కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి నడిచింది. పనివాళ్లు భోజనాలకి వెళ్లారు.

తన గది పదిన్నర బై పదకొండు. గోడ లేకపోయినా ఆ కొలత ఆవిడ కాళ్లకి తెలుసు. గుమ్మం దగ్గర్నుంచి అడుగులు వేసుకుంటూ వెళ్లి మిషన్ ఉండే చోట ఆగింది. అక్కడ గిన్నెలు కడిగే తొట్టి ఉంది. వంటగది పెద్దదై తన గదినంతా మింగేసింది. సరే, పైన ఇచ్చారేమోనని మెట్లెక్కింది. పైన మూడు గదులు. ఒకటి పెద్దది, మొగుడూపెళ్లాలకి. రెండోదాని గోడ మీద పెద్దపిల్ల పేరు పెన్సిల్‌తో రాసి ఉంది. మూడోదాంట్లో చిన్నపిల్లకిష్టమైన పసుపు రంగు. అయినా ఆశ చావదు కదా, కిందకి దిగి మెట్ల కింద అర కూడా కొలిచింది. నాలుగు బై అయిదున్నర. మనిషి ముడుచుకుంటే పడుతుంది. తనే కొలిచి తనే సిగ్గుపడింది.

"వదినా, దుమ్ములోకి వచ్చారేంటి?"

మరదలు గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో పిల్లల బడి సంచి. వదిన చేతిలో సాగదీసిన టేపు చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే చెప్పడం మొదలెట్టింది.

"ఆయన మీతో చెప్తానన్నారు వదినా. అయిదు నెలలుగా రేపు, రేపు అంటున్నారు. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, చెరొక గది కావాలి. మిమ్మల్నెవరూ పొమ్మనట్లేదు కదా. పెరట్లోనేగా ఉండేది? మీ గిరాకీ మీకుంటుంది, భోజనం మాతోనే..."

"నేనేమన్నా అన్నానా అమ్మాయ్?" అంది టేపక్క.

టేపు చుట్టుకుంది. చుట్ట సరిగ్గా రాలేదు, విప్పి మళ్లీ చుట్టింది.

ఆ తర్వాత నెల రోజులూ ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. తమ్ముడూ ఎత్తలేదు. పెళ్లాం చెప్పే ఉంటుంది, వాడికి తెలుసు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు మధ్యలో నలిగిపోయాడని సర్దిచెప్పుకోవడానికి టేపక్క ఎంతో ప్రయత్నించింది. కానీ మిషన్ తొక్కుతుంటే ఆ దుకాణమే గుర్తొచ్చేది. వాడు మూడుసార్లు అడిగిన కిటికీ. అప్పటికే వాడికి తెలుసు. బతికినంత కాలం అక్క ఉండబోయే గదికి కాస్త గాలి పెట్టిద్దామని చూశాడు. తనే వేళాకోళం చేసి వద్దంది. వాడు మోసం చేశాడన్నదానికంటే, ఆ మోసంలో కూడా ప్రేమ ఉందన్నదే ఆవిణ్ణి ఎక్కువ కోసింది. ఉత్త దుర్మార్గుడైతే కడుపారా తిట్టుకునేది.

సామాను మార్చే రోజు వచ్చింది. మంచం విప్పి తీసుకుపోయారు. చిన్నది తన దిండు చంకన పెట్టుకుని, "అత్తా, నా గదిలో నీకు కుర్చీ వేస్తాలే" అని పరిగెత్తింది. చెక్క అడ్డు అవతల ఖాళీ. ఇవతల ఒక మంచం, ఒక మిషన్. పిల్లల మంచం రాసుకున్న చోట గోడ మీద రెండు గీతలు మిగిలాయి.

మధ్యాహ్నానికి తమ్ముడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. భుజాలు రెండంగుళాలు దిగి ఉన్నాయి. ఏడేళ్లప్పుడు పలక పగలగొట్టుకొచ్చి ఇలాగే నిలబడేవాడు. అప్పుడూ అంతే, వాడు చెప్పేవాడు కాదు, ఆవిడే కనుక్కునేది.

"అక్కా..."

"ఊఁ."

"ఆ గోడ ఖాళీ అయింది కదా. మేస్త్రీతో మాట్లాడాను. రేకు కోసి కిటికీ పెడతానన్నాడు."

టేపక్క లేచింది. మెడలోంచి టేపు తీసి, రెండు గీతల మధ్య ఆనించి కొలిచింది.

"మూడు బై నాలుగు పెట్టించు. రాసుకో."

వాడి మొహంలోకి రక్తం వచ్చింది. గబగబా జేబులోంచి కాగితం, పెన్సిల్ తీశాడు. "అలాగే అక్కా. రేపే పెట్టిస్తా. రెండు కిటికీలైతే గాలి బాగా ఆడుతుంది, నీ దగ్గు కూడా..."

"రెండెందుకురా?" అంది ఆవిడ. మిషన్ ముందున్న కిటికీ వైపు చూసింది. అవతల కొత్త వంటగదిలో, సరిగ్గా తన మిషన్ ఉండే చోట, మరదలు గిన్నెలు సర్దుకుంటోంది. "ఇటువైపుది మూయించేయ్."

"అదేంటక్కా, నువ్వే కదా ఇంటివైపు ఉండాలన్నావు..."

"అప్పుడది మన ఇల్లు కదా నాన్నా."

వాడి చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఆవిడ వంగి ఇంటివైపు కిటికీ కూడా కొలిచి, ఆ కొలత చెప్పి, వాడు రాసుకునేదాకా నిలబడింది.