మేకలగడ్డ మీదికి మంద

మా అత్త గుర్వమ్మకు సంతకం రాదు. కానీ మందలో ఏ గొర్రె ఎవరి కూతురో, ఏ అమావాస్యకు ఈనిందో అడిగితే తడుముకోకుండా చెప్తుంది. నాకు డిగ్రీ ఉంది, దానికి తోడు కోపం కూడా ఉంది. మా ఇద్దరికీ రెండేళ్లుగా ఒకటే బాధ. కృష్ణా నది నడుమ ఉన్న మేకలగడ్డ.

మా ఊరి పక్కన కృష్ణ రెండు పాయలుగా చీలి ఆ గడ్డను చుట్టుకుంటుంది. అవతలి పాయ ఎప్పుడూ లోతే, గుండ్రటి పుట్టి ఎక్కితే తప్ప దాటలేం. మావైపు పాయ మాత్రం శివరాత్రి దాటితే మోకాటి లోతుకు దిగుతుంది. ఊరి చుట్టూ నేల నెర్రెలు బారినా గడ్డ మీద గరిక పచ్చగానే ఉంటుంది. తాతల నాటి నుంచి ఎండాకాలమంతా మా మంద మేసేది అక్కడే. పట్టా మాత్రం దొరలది. దొరలు ఎన్నడూ అడ్డం చెప్పలేదు, ఎందుకంటే ఎన్నడూ అటు రాలేదు.

ఆ దొరల మనవళ్లు గడ్డను హైదరాబాద్‌లో ఉండే అశోక్‌కుమార్‌కు అమ్మారు. ఆయన మామిడి మొక్కలు నాటించాడు. రాతి కడీలు పాతి గడ్డ చుట్టూ ముళ్ల తీగ లాగించాడు. అనుమతి లేనిదే లోపలికి రావద్దని బోర్డు పెట్టాడు. గొర్రెలకు చదువు రాదని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

నిరుడు మేత లేక పదకొండు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. ఊళ్లో అందరికీ కడుపుమంటే. కంచె కోసేద్దామన్నారు కొందరు. నేను కలెక్టరుకు ఐదు పేజీల అర్జీ రాశాను. మా మామ బీరన్న ఇదీ వినలేదు, అదీ వినలేదు.

"సోమారం బేరగాడొస్తడు. మంద మొత్తం ఇచ్చేస్త" అన్నాడు.

ఆ మాట అన్ననాటి నుంచి ఆయనకు అన్నం సయించలేదు. గొర్రెలు లేని మామను ఊహించుకుంటే నాకు ఏడుపొచ్చేది.

శనివారం పొద్దున గడ్డ కావలికాడు లింగస్వామిని వెంటబెట్టుకుని అశోక్‌కుమారే మా వాకిట్లో కారు దిగాడు.

"అమ్మా, మామిడి మొక్కల ఆకులు పసుపు రంగుకు తిరిగిపోతున్నాయి. ఎన్ని మందులు వేసినా లాభం లేదు. గొర్రెల ఎరువు పడాలంటున్నాడు లింగస్వామి. నాలుగు ట్రాక్టర్లు పంపిస్తారా?" అని అత్తను అడిగాడు.

"ట్రాక్టరు నీళ్లల్ల ఎట్ల పోతది సారు, ఇసుకల దిగవడదా? పుట్టిల ఏస్తె ఎన్ని గంపలు వడ్తయి? మంద వెట్టాలె. గొర్రెలే నడిచొచ్చి రాత్రంత మొక్కల నడుమ పండుకుంటయి. ఎరువు అవే ఏస్తయి."

"అయితే ఒక వారం పెట్టండి."

నాకు మండింది. "రెండేండ్లు ఎల్లగొట్టి, ఇప్పుడు వారం రమ్మంటరా?" అన్నాను.

"డబ్బిచ్చి కొన్నానమ్మా, దొంగతనం చేయలేదు" అన్నాడాయన. అదీ నిజమే. నిజమైనంత మాత్రాన నా కోపమేం తగ్గలేదు.

అత్త నన్ను కంటితోనే ఆపింది. "వస్తం సారు. మొక్కకింత ముండ్లకంప కట్టించుండ్రి. ఇంకోటి, మందను పిలిచినోళ్లే గొర్రెపిల్లను మెడమీదేసుకొని ముందు నడువాలె. పిల్ల అరుస్తుంటెనే తల్లి నీళ్లల్ల దిగుతది. మా తాన గదే రివాజు."

ఆదివారం ఊరంతా ఒడ్డు మీదే ఉంది. అశోక్‌కుమార్ ప్యాంటు మడిచి, పిల్లను మెడ మీద వేసుకుని నీళ్లలో దిగాడు. పది అడుగులు వేయకముందే పిల్ల ఆయన చొక్కా తడిపింది. వెనకే దాని తల్లి, మందలోని ముసలి గొర్రె దిగింది, దాని వెనక మిగతావన్నీ దిగాయి. చివర మా మామ, అత్త, నేను.

గొర్రెల పాతదారి నేరుగా పోయి కంచెకు తగిలింది.

"సారూ, గేటు అవుతలి దిక్కున్నది! సుట్టు తిరిగి రాండ్రి!" అని లోపలి నుంచి లింగస్వామి అరిచాడు.

లోతు పాయ వైపున్న ఆ గేటుకు అశోక్‌కుమార్ ఎప్పుడూ పుట్టిలోనే పోయేవాడు. ఇప్పుడు ఎటు తిరగాలన్నా నిలువు లోతు మడుగులే. ముందు ముళ్ల తీగ, వెనక ఎనభై గొర్రెలు, నడుమ మోకాటి లోతు నీళ్లలో అశోక్‌కుమార్. పిల్ల అరిచినప్పుడల్లా గొర్రెలన్నీ ఆయన్ని ముందుకు తోస్తున్నాయి.

"అయ్యో, కంచె సంగతే మర్చిపోయిన సారు" అంది అత్త. మా అత్త మర్చిపోవడం నేను కాపురానికొచ్చాక అదే మొదలు.

"వెనక్కి తిప్పండమ్మా!"

"గొర్రె తొవ్వ మార్చదు సారు. ముసల్ది ఎటు మొకం వెడితే గటే."

"లింగస్వామీ, పీకెయ్! పీకెయ్యవయ్యా!"

గడ్డపారతో నాలుగు కడీలు పెకిలించేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా ఒడ్డు మీద నవ్వులే నవ్వులు. రెండేళ్లుగా ఆయన పేరెత్తితే పళ్లు నూరిన జనం, పిల్లను కింద పడెయ్యకుండా ఆయన పడుతున్న అవస్థ చూసి, "గట్టిగ వట్టుకో సారూ!" అని ధైర్యం చెప్పడం మొదలుపెట్టారు. తీగ నేలకు వాలగానే మంద బిలబిలమంటూ గరికలోకి పరుగెత్తింది.

అశోక్‌కుమార్ పిల్లను దించి, రొప్పుతూ కూలబడ్డాడు. "ఎరువు ఏటా కావాలి కదా, ఏటేటా ఇలా పీకాల్సిందేనా అమ్మా?"

"పాతకుంటే పీకే పనే ఉండదు బిడ్డా" అంది అత్త.

ఆయన ఆమె వంక చూసి గట్టిగా నవ్వేశాడు. ఆ కడీలు మళ్లీ పాతవద్దని లింగస్వామికి చెప్పాడు. నేనూ సందు వదులుకునే రకం కాదు. ఏటా శివరాత్రి నుంచి వరదొచ్చేదాకా మంద ఇక్కడ మేస్తుందని, ఈ దారికి కంచె ఉండదని అక్కడికక్కడే కాగితం రాసిచ్చాను. రెండుసార్లు చదువుకుని సంతకం చేశాడు. అప్పుడు తగ్గింది నా కోపం.

మామ తుమ్మచెట్టు కింద గొంగడి పరుచుకుని, మేస్తున్న గొర్రెలనే చూస్తున్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. అత్త సద్ది మూట విప్పి జొన్నరొట్టె పెడితే రెండు తిని మూడోది అడిగాడు.

"మామా, రేపు బేరగాడొస్తడు గదా. ఏం చెప్పాలె?" అన్నాను.

"మామ గడ్డ మీదున్నడని చెప్పు" అని, రొట్టె నమిలి మింగి, "తొవ్వ మాత్రం చెప్పకు" అన్నాడు.