నోట్లో గుడ్లున్న చేప

నారింజరంగు గొట్టాన్ని నడుముకు తగిలించుకుంటూ మేస్కే గొణిగింది. "ఊదితే నీటి మీద జెండాలా నిలబడే ఈ గొట్టం లేకుండా ఒక్కరోజూ సముద్రంలోకి దిగనివ్వవా నాన్నా? చేపలు నవ్వుతున్నాయి."

"నవ్వనీ," అన్నాడు నోల్డి. "దాన్ని మాత్రం తియ్యకు."

పడవ నడిపే హెంకీ పకపకా నవ్వాడు. "మీ అమ్మ పోయినప్పట్నుంచి మీ నాన్న కోడిపెట్ట అయిపోయాడమ్మాయ్!"

లెంబే జలసంధి అడుగున నల్లటి ఇసుక. కాలు తగిలితే చాలు, పొగలా లేచి ఫొటోను పాడుచేస్తుంది. నోల్డి ఆ ఇసుక మీద కెమెరా ఆనించి, చారల మగచేప ముందు ఊపిరి నెమ్మది చేసుకున్నాడు. దాని నోటినిండా గుడ్లు. అవి పిల్లలై బయటపడేదాకా ఆ తండ్రి మేత ముట్టడు. చాలాసేపటికి నోరు కాస్త తెరిచింది. మీట నొక్కాడు.

సంతోషంగా వెనక్కి తిరిగితే, తనతో దిగిన మేస్కే లేదు.

వీపు మీది సిలిండరును ఇనపపుల్లతో కొట్టాడు. ఎక్కడినుంచో టంగుటంగుమని జవాబు వచ్చింది. నీళ్లలో శబ్దానికి దిక్కుండదు. బుడగలు కనిపించిన వైపు ఈదాడు. తీరా అది వేరే పడవవాళ్ల గుంపు. వాళ్లూ తలలు అడ్డంగా ఊపారు.

కాసేపు వెతకాలి, కనబడకపోతే పైకి వెళ్లిపోవాలి. కూతురికి ఆ నియమం నేర్పింది తనే. కానీ పిల్ల ఇక్కడే ఏ రాతి పక్కనో చిక్కుకుని ఉంటే? కాళ్లు కిందికే లాగాయి. అయినా పైకి లేచాడు. ఒంట్లో చేరిన వాయువు తగ్గేదాకా ఉపరితలానికి కాస్త కింద ఆగాలి. ఆగాడు. పడవ అడుగు తలపైనే కనబడుతున్నా, వెళ్లలేక వేలాడుతూ ఉండిపోయాడు.

తల బయటపెట్టగానే హెంకీ అడిగాడు. "అమ్మాయేదీ?"

"రాలేదా?"

ఈసారి హెంకీ నవ్వలేదు. అదే నోల్డిని ఎక్కువ భయపెట్టింది. హెంకీ పడవ కప్పెక్కి చుట్టూ చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"అదిగో, బిటుంగ్ రేవు వైపు!"

దూరంగా అలల మధ్య, నిటారుగా, నారింజరంగు గొట్టం.

మేస్కే వణుకుతూ పడవెక్కింది. "నీ ఫొటోకి ఇసుక లేస్తుందని కాస్త పైకి జరిగాను నాన్నా. అక్కడి నీటివడి లాక్కుపోయింది. వెతికాను. కనబడలేదు. నువ్వు చెప్పినట్టే పైకొచ్చేశా. తిడతావా?"

అతను తువ్వాలు కప్పి, ఆమె తడిజుట్టు మీద చెయ్యి వేసి తల అడ్డంగా ఊపాడు. హెంకీ వేయించిన అరటిపళ్ల పొట్లం విప్పాడు.

"ఇంతకీ ఫొటో వచ్చిందా?" అడిగింది మేస్కే.

చెప్పబోతే నాలుక కింద ఏదో అడ్డొచ్చింది. అరచేతిలోకి ఉమ్మాడు. గాలిగొట్టం చివర పళ్లతో పట్టుకునే రబ్బరులోంచి తెగిన ముక్క. నీళ్లలో ఎప్పుడు కొరికేశాడో తనకే తెలీదు.

మేస్కే దానికేసి చూసింది. పొట్లంలోంచి మొదటి అరటిముక్క తీసి అతని నోటికి అందించింది.